నిగమశర్మ యక్క – హాస్యస్వరూపము

తెనాలి, అంగలకుదురు ప్రాంతములలో రామకృష్ణుడనిన వికటకవి చాటుకథలే మొదట స్ఫురించును. వానిలో అల్పుడు తన బుద్ధిచే అధికుని గెలుచును. 16వ శతాబ్దమునకు చెందిన ఆ కవియే రచించిన పాండురంగమాహాత్మ్యమున మాత్రము ఓడిన మనిషికే గెలుపు దక్కినది.

తృతీయాశ్వాసమునందలి నిగమశర్మోపాఖ్యానమున నాయకుడు ఏ అర్హతయు లేని దుర్వ్యసని. సదాచారుడగు సభాపతికి కుమారుడై పుట్టి, ఆస్తిని భోగములకు వ్యయించెను. పుట్టినింటికి వచ్చిన అక్క చేరదీసి మందలించెను. అతడును మారినట్లే కొన్నాళ్లు మెలగి, ఒకనాటి రాత్రి ఇంటి సొమ్ములతో పరారియయ్యెను. తెల్లవారునప్పటికి అక్కకు తమ్ముడు లేడు. క్రొత్త తీరున చేయించుకొన్న ముక్కరయు లేదు. ఆమె ముక్కర కొఱకే ఏడ్చినది!

దీనిని ఆమె లోభమునకు గుర్తుగా గ్రహించుట తొందరపాటు. భరతుడు హాస్యమునకు వికృతాకార వేష చేష్టాదులను విభావములుగా చెప్పెను. ఇచట అట్టి వికృతి యేదియు లేదు, ఉన్నది స్వభావోక్తియే. తమ్ముని కొఱకు ఏడ్చుట ఆ యింట అప్పటికే పాతబడినది; ముక్కర దుఃఖము ఆనాటిది. పెద్ద శోకము చిన్న వస్తువును పట్టుకొని వెలువడుట గృహస్థులెరుగని విషయము కాదు. పాఠకుడు నవ్వును, ఆ నవ్వుతోనే ఆమె పక్షమున చేరును.

తుదకు క్షేత్రమహిమచే నిగమశర్మకు సద్గతి కలిగినది. కథాప్రయోజన మదియే. కాని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ విమర్శకు వస్తువైనది ఆ సద్గతి కాదు, అక్క. కవి ఆమెకు పేరైనను పెట్టలేదు.