62 శాతం దగ్గర ఆగిపోయే డిస్క్: ఇంటి డీవీడీలను కాపాడుకోవడం ఎలా?



శుక్రవారం పెట్టిన మంగళహారతి వీడియోలో వినిపించిన ఆ ముసలి గొంతు ఎవరిదని చాలామంది అడిగారు. మా జేజిది. మా ఇంట్లో నాయనమ్మను జేజి అంటాం. ఆ మూడు నిమిషాల పాటను డిస్కులోంచి బయటికి తీయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మీ ఇళ్ళల్లో కూడా పెళ్ళి డీవీడీలు, ఉపనయనం డీవీడీలు ఉంటాయి కదా! అందుకే ఈ పోస్టు.

2007లో మార్కాపురంలో మా గృహప్రవేశం జరిగింది. జేజి హారతి పడుతూ పాడింది. ఇప్పుడు జేజి లేదు. మిగిలింది ఆ ఒక్క డిస్కే. అది గిద్దలూరులో బాబాయి వాళ్ళింట్లో, రేకుల గదిలో, పెట్టెలో ఉంది. మా వైపు ఎండల సంగతి చెప్పక్కర్లేదు. ఇంట్లో రాసుకునే డీవీడీల్లో సమాచారం ఒక రంగు పొర మీద ఉంటుంది. వేడికీ వెలుతురుకీ ఆ పొర మెల్లగా చెడిపోతుంది.

"జాగ్రత్తరా, ఇది పోతే అమ్మ గొంతు మళ్ళీ వినలేం" అని బాబాయి దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి ఇచ్చాడు. రైలెక్కి మార్కాపురం రోడ్‌లో దిగేదాకా సంచీ ఒళ్ళోంచి దించలేదు.

ఇంటికొచ్చి కన్వర్ట్ చేయడం మొదలుపెట్టా. 62 శాతం దగ్గర సాఫ్ట్‌వేర్ దానంతటదే మూసుకుపోయింది. మళ్ళీ ఇన్‌స్టాల్ చేశా. మళ్ళీ 62. ఇంకో సాఫ్ట్‌వేర్ తెచ్చా. అదీ అక్కడే. నాలుగోసారికి డ్రైవ్ కరకరమని శబ్దం చేసింది. అప్పుడు భయమేసి ఆపేశా.

ముందు జబ్బేంటో చూడండి

ప్రతిసారీ ఒకే చోట ఆగితే తప్పు ఎక్కువగా డిస్కుదే. చదవలేని చోట డ్రైవ్ పదే పదే ప్రయత్నిస్తుంది, సాఫ్ట్‌వేర్ ఎదురుచూసి ఎదురుచూసి పడిపోతుంది. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే ల్యాప్‌టాప్ వేడెక్కుతోందేమో, మెమరీ చాలట్లేదేమో చూడండి. ఫైల్ 4 జీబీ దగ్గర ఆగితే మీ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉందన్నమాట. అందులో అంతకంటే పెద్ద ఫైల్ పట్టదు. అసలు మొదలే కాకపోతే ఫోల్డర్ పేరు చూడండి. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లకు తెలుగు అక్షరాలు మింగుడుపడవు. ఇంగ్లీషులో చిన్న పేరు పెట్టండి.

నేను చేసిన పని

1. డిస్కును మధ్య నుంచి అంచుకు తిన్నగా, మెత్తటి బట్టతో తుడిచాను. గుండ్రంగా తుడవకూడదు.

2. డిస్కు నుంచి నేరుగా కన్వర్ట్ చేయడం మానేశాను. అసలు పాఠం ఇదే. ముందు డిస్కు మొత్తాన్ని ఒకే ఐఎస్ఓ ఫైలుగా హార్డ్‌డిస్కులోకి తెచ్చుకోవాలి. మామూలు డీవీడీకి 4.7 జీబీ చాలు, కన్వర్ట్ చేసిన ఫైలుకు ఇంకొంత ఖాళీ ఉంచుకోండి.

3. ఇందుకు లైనక్స్‌లో దొరికే జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడాను, ఉచితమే. బాగున్న భాగాలను ముందు చదివేసి, చెడ్డ చోట్లకు తర్వాత వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా మళ్ళీ మొదటికి రాదు. సెక్టార్ సైజు 2048 అని ఇవ్వడం మర్చిపోవద్దు.

4. మిగిలిన చెడ్డ చోట్ల కోసం స్నేహితుడి పాత కంప్యూటర్ డ్రైవ్‌లో అదే మ్యాప్ ఫైలుతో మళ్ళీ నడిపాను. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదవొచ్చు. చదివింది కూడా!

5. ఆ ఐఎస్ఓను హ్యాండ్‌బ్రేక్‌లో ఎంపీ4గా మార్చాను. హారతి తిప్పే చెయ్యి అంచుల్లో దువ్వెన పళ్ళలా గీతలు కనిపిస్తే ఫిల్టర్లలో డీఇంటర్లేస్ ఆన్ చేయండి.

ఈసారి 62 దాటింది. జేజి పాట మొదలయ్యేది సరిగ్గా ఆ తర్వాతే. పల్లవి రెండోసారి వచ్చేచోట నాలుగు సెకన్లు బొమ్మ చెదిరింది, మాట తెగింది. వీడియోలో దాన్ని అలాగే వదిలేశాను. పోయింది పోయినట్టే ఉండనీ అనిపించింది.

బాబాయికి ఫోన్ చేసి వినిపించాను. అయిపోయాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంకోసారి పెట్టరా" అన్నాడు.

ఇప్పుడు ఒక కాపీ నా దగ్గర, ఒకటి బాబాయి దగ్గర, ఒకటి క్లౌడ్‌లో ఉంది. ఈ ఆదివారం మీరూ బీరువా తెరవండి. ఒక్క డిస్కు తీసి ఐఎస్ఓ చేయండి. కన్వర్ట్ చేయడం తర్వాతైనా చూసుకోవచ్చు.

చెన్నకేశవ స్వామి దయ మీ అందరిపై ఉండాలి. శుభం.