పామాయిల్ తోట పనికి కుదిరేవారికి

పెదవేగి, కామవరపుకోట, చింతలపూడి, జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల గానీ, గోదావరి దాటి రంగంపేట, ఏలేశ్వరం వైపు గానీ వెళ్తే ఒకటే మాట వినిపిస్తుంది: తోట చూసుకునే మనిషి కావాలి. కామందు రాజమండ్రిలోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు. పిల్లలు అమెరికాలో. పదో పాతికో ఎకరాల పామాయిల్ తోట, రెండు బోర్లు, ఒక షెడ్డు. వరి చేసి విసిగినవాళ్లు, కొబ్బరి తోటల్లో పనిచేసినవాళ్లు, డిగ్రీ అయ్యాక ఊళ్లోనే ఉండిపోయిన కుర్రాళ్లు ఈ పనికి కుదురుతున్నారు. కుదిరాక మొదటి వారంలోనే ఒక సంగతి తెలిసి ఉండాలి. ఈరోజు కోస్తున్న గెల మీ పనితనం కాదు. మీరు రాకముందు ఉన్నవాడి పనితనం.

ఎందుకంటే పామాయిల్ చెట్టు మొవ్వులో పుట్టే పూగుత్తి ఆడదవుతుందా మగదవుతుందా అన్నది గెల కోతకు రావడానికి సుమారు రెండేళ్ల ముందే తేలిపోతుంది. ఆ సమయంలో చెట్టు దాహంతో ఉంటే మగ పూలు ఎక్కువ వస్తాయి. గెలయ్యేది ఆడ పూగుత్తే. ఆడదిగా నిలిచిన గుత్తికి కూడా ఇంకో గండం ఉంది. కోతకు తొమ్మిది, పది నెలల ముందు నీటి ఎద్దడి వస్తే అది మొవ్వులోనే మాడిపోతుంది. అంటే ఒక ఎండాకాలం మోటారు కాలిపోయి నెలరోజులు నీళ్లు ఆగితే, దాని దెబ్బ మరుసటి ఏడాది ఒకసారి, ఆ పై ఏడాది ఇంకోసారి తగులుతుంది. మోటారు కాలిన రోజున మాత్రం తోట పచ్చగానే ఉంటుంది. అందుకే పచ్చదనం చూసి మురిసిపోయేవాడు ఈ పనికి పనికిరాడు.

ఇది మన నేల చెట్టు కాదు. పశ్చిమాఫ్రికా వానల అడవుల్లో, వాగుల ఒడ్డున పుట్టింది. ఏడాదికి 2000 మిల్లీమీటర్ల వాన, అదీ నెలనెలా పంచినట్టు పడితే దానికి సుఖం. మన మెట్టలో పడేది వెయ్యి పైచిలుకు, అదీ చాలావరకు జూన్ నుంచి అక్టోబరు లోపలే. మిగతా బాకీ అంతా బోరు తీర్చాలి. అయినా నీటి వసతి ఉన్నచోట ఈ చెట్టు ఇక్కడ బాగా నిలబడింది. 1995లో పెదవేగిలో పెట్టిన జాతీయ పరిశోధన కేంద్రమే ఇప్పటి భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ. దేశంలో పామాయిల్ గెలలు ఎక్కువగా పండించేది కూడా మన ఆంధ్రప్రదేశే.

నీళ్ల లెక్క కాగితం మీద వేసుకోండి. కాపుకొచ్చిన చెట్టుకు ఎండాకాలంలో రోజుకు 250 నుంచి 300 లీటర్లు కావాలి. తొమ్మిది మీటర్ల త్రికోణం పద్ధతిలో ఎకరానికి 57 చెట్లు పడతాయి. తక్కువలో తక్కువ 250 లీటర్లు అనుకున్నా ఎకరానికి రోజుకు 14,000 లీటర్లు దాటుతుంది. చెట్టుకు గంటకు 8 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్లు నాలుగు ఉన్నాయనుకుందాం. గంటకు 32 లీటర్లు. 250 లీటర్లు అందాలంటే దాదాపు ఎనిమిది గంటలు. వ్యవసాయ కరెంటు తొమ్మిది గంటలు. తోటను రెండు వాల్వులుగా విడగొట్టి పూటకొకటి తిప్పుతుంటే ఒక్కో చెట్టుకు అందేది సగమే. చాలా తోటల్లో జరుగుతున్నది ఇదే. 'రోజూ నీళ్లు పెడుతున్నామండీ' అని కామందుకు చెప్పడం అబద్ధం కాదు, కానీ నిజం కూడా కాదు. లెక్క చూపించి డ్రిప్పర్లు పెంచమనో, మైక్రోజెట్లు వేయించమనో, ఇంకో బోరు సంగతి చూడమనో అడగండి.

డ్రిప్పర్ మీద 8 అని రాసి ఉన్నంత మాత్రాన 8 లీటర్లు రావు. లైను చివరి చెట్టు దగ్గర ఒక లీటరు నీళ్ల సీసా పెట్టి గడియారం చూడండి. ఏడున్నర నిమిషాల్లో నిండాలి. పావుగంట పడితే ఫిల్టరు అడ్డుపడిందో, ఉప్పు పేరుకుందో, ఎక్కడో పైపు పగిలిందో అర్థం. మోటారు దగ్గరి చెట్లు ఏపుగా, చివరి వరుస చెట్లు బక్కగా ఉన్న తోటల్లో రహస్యం చాలాసార్లు ఆ సీసాలోనే బయటపడుతుంది. కాలవ కింద వరిచేలల్లో వేసిన తోటలో కుదిరితే మీ కష్టం దీనికి తలకిందులు: అక్కడ నీరు నిలవకుండా బోదెలు తీయించడమే అసలు పని. వాన నీరు రోజుల తరబడి నిలిస్తే వేళ్లకు ఊపిరాడదు.

ఎరువుల దగ్గర ఎక్కువ మాట్లాడను. మూడో ఏడు దాటిన చెట్టుకు ఏడాదికి సిఫారసు 1200 గ్రాముల నత్రజని, 600 గ్రాముల భాస్వరం, 1200 గ్రాముల పొటాష్. కొట్టు భాషలో చెప్పాలంటే యూరియా 2.6 కిలోలు, సూపర్ 3.75 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 2 కిలోలు. దీనికి తోడు మెగ్నీషియం సల్ఫేట్ అరకిలో, బోరాక్స్ 100 గ్రాములు. నాలుగు దఫాలుగా ఇవ్వాలి. మొదలు దగ్గర కుప్పగా పోయకుండా పాదంతా చల్లి మట్టిలో కలపాలి. రేటు పెరగ్గానే కామందులు ముందు కోసేది పొటాష్‌నే. గెల తూకం నిలబెట్టే ఎరువు మాత్రం అదే. కింది ఆకుల మీద నారింజ రంగు మచ్చలు వస్తే పొటాష్ లోటు. ఎండ తగిలేచోట ఆకు పసుపెక్కి, పై ఆకు నీడ పడినచోట పచ్చగా మిగిలితే మెగ్నీషియం లోటు. కొత్త ఆకుల కొసలు కొక్కెంలా వంగితే బోరాన్ లోటు. ఫోటో తీసి పెదవేగి సంస్థలోనో, విజయరాయి ఉద్యాన పరిశోధన స్థానంలోనో చూపించండి. ఎరువుల కొట్టు కుర్రాడు చెప్పిన మందు తెచ్చి పోయకండి.

తోటలో మగ పూగుత్తి విచ్చుకున్నప్పుడు దగ్గరకెళ్లి వాసన చూడండి. సోంపు వాసన వస్తుంది. ఆ వాసనకే చిన్న ముక్కు పురుగులు గుంపులుగా ముసురుకుంటాయి. ఇవి కూడా ఆఫ్రికావే. 1985లో మన దేశానికి తెచ్చి వదిలారు. ఆడ పూలకు పుప్పొడి మోసేది ఇవే. కాబట్టి విచ్చిన పూగుత్తుల మీద పురుగుమందు పడనివ్వకండి. ఇంకో మాట, ఇది చాలామంది శుభ్రం పేరుతో చేసే తప్పు: ఎండిపోతున్న మగ గుత్తుల్ని చెట్టంతా గీకి పారేస్తారు. పురుగు పిల్లలు పెట్టేది ఆ కుళ్లే గుత్తుల్లోనే. లేత తోటలో మొదటి రెండున్నర, మూడేళ్లు పూగుత్తులు తీసేస్తాం. ఆపిన తర్వాత పురుగులు సరిగా లేకపోతే గెల సగం తాలుగా వస్తుంది. అప్పుడు పక్క ముదురు తోట నుంచి విచ్చిన మగ గుత్తులు తెచ్చి చెట్ల మొదట్లో ఉంచితే సరి.

ఆకులు నరకడంలోనూ ఉత్సాహం తగ్గించండి. చెట్టు మీద నలభై దాకా పచ్చని ఆకులు ఉండాలి. కాస్తున్న గెల కింద రెండు ఆకులైనా మిగలాలి. తలంతా గొరిగినట్టు నరికిన తోట ఫోటోలో అందంగా ఉంటుంది, గెల మాత్రం తగ్గుతుంది. నరికిన ఆకును తగలబెట్టకండి. ముళ్లున్న మట్ట భాగం వరుసల మధ్య పేర్చి, మిగతాది పాదుల్లో పరిస్తే తేమ ఆగుతుంది, పొటాష్ కొంత తిరిగొస్తుంది.

ఇప్పుడు మీ చేతిలో తక్షణం ఉన్న పని, కోత. నీళ్ల ఫలితం రెండేళ్లకు కనిపిస్తుంది గానీ కోత ఫలితం అదే రోజు కాటా మీద కనిపిస్తుంది. గెలలో నూనె చేరేది చివరి వారాల్లోనే. రంగు ఒక్కటే చూసి కోయించకండి. నలుపు పోయి నారింజ ఎరుపు తిరిగి, దానంతట అది ఐదు నుంచి పది పళ్లు కింద రాలాకే కోత. పది, పన్నెండు రోజులకొకసారి తోటంతా తిరగాలి. వానాకాలంలో వారానికోసారి. కోసిన గెల ఇరవై నాలుగు గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలి, ఆలస్యమైతే నూనెలో ఆమ్లం పెరుగుతుంది. కాడ పొడవుగా వదిలితే కాటా దగ్గర గొడవ తప్పదు.

కోత ముఠాతో టన్నుకు ఇంత అని మాట్లాడుకోవడం మన దగ్గర అలవాటు. అందులో ఒక చిక్కుంది. టన్ను లెక్క అయినప్పుడు పచ్చి గెల కూడా తూకమే, రాలిన పళ్లు ఏరడం మాత్రం నడుం నొప్పి. అందుకే పచ్చివి దిగుతాయి, రాలినవి మట్టిలో మిగులుతాయి. ఆ రాలిన పండే అన్నిటికంటే నూనె ఎక్కువ ఉన్నది. వాటికి బస్తా లెక్కన విడిగా కూలి కట్టండి. ఆడవాళ్లను ఏరడానికి పెడితే కూలి నాలుగు డబ్బులు ఎక్కువైనా నష్టం రాదు. పచ్చి గెలలు ఎన్ని దిగాయో ఆరోజే ముఠా పెద్దకు చూపించి మాట్లాడండి, వారం తర్వాత కాదు.

ఇంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. ఎత్తు చెట్లకు వాడే కోత గడ అల్యూమినియంది. తోట మీదుగా కరెంటు తీగలు వెళ్తుంటే ఆ గడ తగిలి మనుషులు పోయిన సంఘటనలు పామాయిల్ ప్రాంతాల్లో ఉన్నాయి. తీగల కింద, పక్కన ఉన్న చెట్లకు ఎర్ర రంగు పూయించండి. వాటి కోత లైను ఆపించాకే. ఆపడం కుదరని రోజు ఆ గెలలు కుళ్లిపోయినా సరే, వదిలేయండి. గడ నిలువుగా పట్టుకుని ఎవరినీ నడవనివ్వొద్దు. గెల పడేచోట ఏరేవాళ్లు నిలబడకూడదు; ఇరవై కిలోల గెల తలమీద పడితే ఆసుపత్రికి తీసుకెళ్లే వ్యవధి కూడా ఉండదు. పేర్చిన మట్టల్లో ఎలుకలు, వాటి కోసం పాములు చేరతాయి కాబట్టి కాళ్లకు బూట్లు. ముల్లు కీలు దగ్గర దిగితే ఇంటి వైద్యం చేసుకోకుండా డాక్టరుకు చూపించాలి. బూట్లు, చేతి తొడుగులు, తలకు హెల్మెట్, ఇవి కామందు ఖర్చు. అడగడానికి మొహమాటపడకండి.

పురుగుల్లో రెండు చాలు గుర్తుంచుకోవడానికి. కొమ్ము పురుగు మొవ్వును తొలిచి ఆకును కత్తిరించినట్టు చేస్తుంది. అది పెరిగేది పెంటకుప్పలో. తోట పక్కనే పెంట పోస్తుంటే ఆపించండి. ఆకు అడుగున తెల్లగా సుడులు సుడులుగా కనిపించే తెల్లదోమ కొబ్బరి నుంచి ఇటు కూడా వచ్చింది. దానికి మందులు కొట్టేకొద్దీ మిత్ర పురుగులు చచ్చి ఉధృతి పెరుగుతుంది. కోనసీమ అంబాజీపేట పరిశోధన స్థానం వాళ్లు తయారుచేసే ఇసారియా శిలీంద్రం వాడటం మేలు.

రేటు మీ చేతిలో లేదు. 2022లో టన్ను 20 వేలు దాటింది, మరుసటి ఏడాది బాగా దిగింది. నెలనెలా ప్రభుత్వం ప్రకటించే ధర ప్రపంచ మార్కెట్‌ను బట్టి, గెలలో నూనె శాతాన్ని బట్టి ఉంటుంది. మీరు పట్టించుకోవాల్సింది ఈ రెండోది.

పాత తోటలో చేరితే ఒక పరీక్ష చేయండి. నాలుగైదు చెట్ల నుంచి రాలిన పండు అడ్డంగా కోయండి. గింజ పెంకు పల్చగా ఉండి దాని చుట్టూ నల్ల పీచు వలయం కనిపిస్తే అది టెనెరా, నూనె ఇచ్చే సంకరం. పెంకు మందంగా ఉండి వలయం లేకపోతే డ్యూరా. డ్యూరా చెట్లు ఎక్కువ ఉన్న తోటలో ఎంత కష్టపడినా నూనె శాతం పెరగదు. ఆ సంగతి కామందుకు మొదటి నెలలోనే చెప్పి, చెట్ల వరుస సంఖ్యలతో రాసివ్వండి.

ఒక నోటుబుక్కు పెట్టండి. రోజూ మోటారు ఎన్ని గంటలు నడిచింది, కరెంటు ఎప్పుడు పోయింది, ఏ దఫా ఎరువు ఏ తేదీన, కోతకు ఎన్ని గెలలు, ఎంత తూకం, ఎన్ని పచ్చివి. అంతే. రెండేళ్ల తర్వాత దిగుబడి తగ్గితే తప్పు ఎవరిదో ఆ పుస్తకం చెబుతుంది. మీ జీతం కాపాడేది కూడా అదే.

జీతం మాట వచ్చింది కాబట్టి చివరగా. కొందరు కామందులు టన్నుల మీద బోనస్ ఇస్తామంటారు. మంచిదే. కానీ అది మూడో ఏడాది దిగుబడి నుంచి లెక్కకట్టమని అడగండి. మొదటి రెండేళ్లకు పచ్చి గెలలు ఎంత తగ్గాయి, రాలిన పళ్లు ఎంత ఏరారు అన్నదాని మీద ఇవ్వమనండి. మీరు చేరిన రోజు తోట ఎలా ఉందో, ఎన్ని చెట్లున్నాయో, ఎన్ని డ్రిప్పర్లు పనిచేస్తున్నాయో ఇద్దరూ సంతకం పెట్టిన కాగితం మీ దగ్గర ఒకటి, కామందు దగ్గర ఒకటి ఉండాలి. పనిలో చేరాక కాదు, తాళాలు తీసుకునే ముందే రాయించుకోండి.