అవధూతకు 24 మంది గురువులు: చిన్న చిన్న క్షణాల్లో పాఠం ఎలా చూడాలి?



"పొద్దున లేస్తే ఆఫీస్, ట్రాఫిక్, మీటింగులు, ఇంటికొచ్చి వంట, నిద్ర. ఇందులో ఆధ్యాత్మికతకి టైమ్ ఎక్కడుందండీ?" మన వయసు వాళ్లు చాలామంది అడిగే ప్రశ్న ఇది. జీవిత పాఠం నేర్చుకోవాలంటే ఏదో పెద్దది జరగాలని మనకి ఒక లెక్క ఉంది. కాశీ యాత్రకి వెళ్లాలి, లేదా పెద్ద దెబ్బ తగలాలి, లేదా ఒక మహానుభావుడు ఎదురై ఒక మాట చెప్పాలి. మామూలు మంగళవారం సాయంత్రం మనకి ఎవరు ఏం నేర్పుతారు?

ఈ ప్రశ్నకి భాగవతంలో చాలా స్పష్టమైన సమాధానం ఉంది. 11వ స్కంధం, 7, 8, 9 అధ్యాయాలు. మనం పోతన భాగవతం అని చదువుకునే గ్రంథంలో ఈ 11వ స్కంధాన్ని తెలుగు చేసింది వెలిగందల నారయ. అక్కడ ఈ భాగం క్లుప్తంగా ఉంటుంది కాబట్టి, ఇక్కడ సంస్కృత మూలంలోని కథ ప్రకారం చెప్పుకుందాం.

ఈ కథ ఎవరు, ఎప్పుడు చెప్పారు?

ముందు ఇది తెలియాలి. లేకపోతే మిగతాదంతా మంచి మాటల లిస్టులా అనిపిస్తుంది.

శ్రీకృష్ణుడు అవతారం చాలించే సమయం వచ్చింది. ఏడో రోజున ద్వారకని సముద్రం ముంచేస్తుందని స్వామే చెప్పాడు. ఉద్ధవుడికి విషయం అర్థమైంది. ఒంటరిగా స్వామి దగ్గరికి వచ్చి, నిన్ను వదిలి క్షణం కూడా ఉండలేను, నన్నూ తీసుకుపో అని వేడుకున్నాడు. జీవితమంతా ఏ సందేహం వచ్చినా అడగడానికి పక్కనే కృష్ణుడు ఉన్నవాడు ఉద్ధవుడు. రేపటి నుంచి ఎవరిని అడగాలి?

అప్పుడు స్వామి ఏమన్నాడంటే, మనిషికి ముఖ్యమైన గురువు తన లోపలే ఉన్నాడు, తను చూసినదాన్ని, ఆలోచించినదాన్ని బట్టి మేలు ఏదో తెలుసుకోగలడు అని. ఆ మాటకి ఉదాహరణగా యదు మహారాజుకీ ఒక అవధూతకీ జరిగిన సంభాషణ చెప్పాడు.

అంటే ఈ 24 గురువుల కథ కాలక్షేపానికి చెప్పింది కాదు. దారి చూపించేవాడు దూరమైపోతున్న ఒక మనిషికి, ఇక నువ్వు ఎలా బతకాలో చెప్పిన కథ. ఊరు వదిలి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పీజీలో ఉంటూ, నాయనమ్మని అడిగితే చటుక్కున చెప్పేసే విషయానికి గూగుల్‌లో వెతుక్కునే మనకి ఈ పరిస్థితి బాగానే తెలుసు. అందుకే ఇది మన కథ కూడా.

యదు మహారాజు అడిగిన ప్రశ్న

యదువు యయాతి కొడుకు, కృష్ణుడు పుట్టిన వంశానికి మూలపురుషుడు. ఆయనకి ఒక యువ అవధూత కనిపించాడు. తెలివైనవాడు, సమర్థుడు, కానీ ఏ కోరికా లేకుండా పసిపిల్లాడిలా తిరుగుతున్నాడు. లోకమంతా కోరిక, లోభం అనే కార్చిచ్చులో కాలుతుంటే, గంగలో నిలబడ్డ ఏనుగులా నువ్వు ఇంత చల్లగా ఎలా ఉన్నావు అని రాజు అడిగాడు.

నాకు చాలామంది గురువులు ఉన్నారు, వాళ్లని నా బుద్ధితో నేనే ఎంచుకున్నాను అన్నాడు అవధూత. వాళ్లు వీళ్లు: భూమి, గాలి, ఆకాశం, నీరు, నిప్పు, చంద్రుడు, సూర్యుడు, పావురం, కొండచిలువ, సముద్రం, దీపం పురుగు, తేనెటీగ, ఏనుగు, తేనె తీసేవాడు, లేడి, చేప, పింగళ అనే వేశ్య, కురరం అనే పక్షి, చిన్నపిల్లాడు, ఒక కన్య, బాణాలు చేసేవాడు, పాము, సాలెపురుగు, కందిరీగ. మొత్తం 24. ఆ తర్వాత తన సొంత శరీరాన్ని కూడా గురువే అన్నాడు.

భాగవతం ఈ అవధూత పేరు చెప్పలేదు. సంప్రదాయంలో మాత్రం ఆయన్ని దత్తాత్రేయ స్వామిగా కొలుస్తాం.

లిస్టు మళ్లీ ఒకసారి చూడండి. ఇందులో ఎవరూ ఆయనకి క్లాస్ చెప్పలేదు. ఆ బాణాలు చేసేవాడికి తను ఒకరికి గురువయ్యానని కూడా తెలియదు. అవధూత చూశాడు, ఆలోచించాడు, తీసుకున్నాడు. పాఠం తయారైంది చూసేవాడి దగ్గరే. సాఫ్ట్‌వేర్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, సర్వర్ లాగ్స్ రాస్తూనే ఉంటుంది. ఎవరైనా తెరిచి చదివితేనే అందులో ఏముందో తెలుస్తుంది.

24 మందిలో నలుగురి దగ్గర కాసేపు ఆగుదాం.

1. కన్య చేతి గాజులు

ఒక అమ్మాయి ఇంటికి సంబంధం చూడ్డానికి వాళ్లు వచ్చారు. ఇంట్లో పెద్దవాళ్లు లేరు. తనే మర్యాదలు చేసి, వాళ్ల భోజనం కోసం లోపల వడ్లు దంచడం మొదలుపెట్టింది. చేతికున్న శంఖం గాజులు గలగలలాడాయి. పని చేసిపెట్టే మనిషి లేక తనే దంచుకుంటోందని వాళ్లకి తెలిసిపోతుందని సిగ్గేసింది. గాజులు ఒక్కొక్కటే తొలగించి చేతికి రెండు ఉంచింది. రెండూ చప్పుడు చేశాయి. ఒక్కటి ఉంచింది. చప్పుడు ఆగిపోయింది.

అవధూత దీన్నుంచి తీసుకున్నది: పదిమంది ఒకచోట ఉంటే గొడవ, ఇద్దరుంటే కబుర్లు, సాధన చేసేవాడికి ఏకాంతం మంచిది.

అందుకని మనం ఫ్రెండ్స్‌ని వదిలేయాలా? ఆ అమ్మాయి ఏం చేసిందో చూడండి. దంచడం ఆపలేదు, వచ్చినవాళ్లని పొమ్మనలేదు. చప్పుడు దేనివల్ల వస్తోందో చూసి అంతవరకే తగ్గించింది. మనం దీపం పెట్టి పది నిమిషాలు కూర్చుంటాం. పక్కన ఫోన్, చేతికి స్మార్ట్ వాచ్, ముందు ల్యాప్‌టాప్. మూడూ గాజులే. దేవుడి మీద మనసు నిలవట్లేదని బాధపడేముందు, ఆ పది నిమిషాలు వాటిని పక్క గదిలో పెట్టి చూడండి.

2. బాణాలు చేసేవాడు

ఒకాయన బాణం చేస్తున్నాడు. ఆ వీధిలోనే రాజుగారు ఊరేగింపుగా వెళ్లారు. ఆయనకి తెలియలేదు. మనసంతా బాణం మీదే ఉంది.

ఆయన చేస్తున్నది పూజ కాదు, జపం కాదు. తన వృత్తి. ధ్యానం ఎలా ఉండాలో అవధూతకి నేర్పింది మాత్రం ఆ పనే. దీన్ని బట్టి మనకి ధైర్యం రావాలి. ఒక బగ్ వెంట పడి, పక్కన టీ చల్లారిపోయినా తెలియని గంట మీకూ వచ్చే ఉంటుంది. ఏకాగ్రత మనకి రాదు అనేది నిజం కాదు, వస్తుంది. దాన్ని ఒక్క ఐదు నిమిషాలు నామం వైపు తిప్పడమే మిగిలిన పని.

3. తేనెటీగ: ఒకే గురువు, రెండు పాఠాలు

తేనెటీగ చిన్న పువ్వు, పెద్ద పువ్వు అని చూడదు. ప్రతిదాన్నుంచీ సారం తీసుకుంటుంది. వివేకి కూడా చిన్న గ్రంథం, పెద్ద గ్రంథం అన్నిటి నుంచీ సారం తీసుకోవాలి. ఇది మొదటి పాఠం.

రెండోది దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఆ ఈగే తేనె దాచిపెడుతుంది. ఎవడో వచ్చి తేనెతో పాటు దాని కష్టాన్నీ పట్టుకుపోతాడు. కాబట్టి దాచుకోవద్దు. ఒకే ఈగలో ఒకటి చేయాల్సింది, ఇంకొకటి చేయకూడనిది కనిపించాయి. ఏది ఎప్పుడు తీసుకోవాలో ఈగ చెప్పదు, మన బుద్ధి చెప్పాలి.

ఈ రెండో పాఠం మన తరానికి గట్టిగా తగులుతుంది. మన ఫోన్‌లో సేవ్ చేసిన ప్రవచనాల రీల్స్ ఎన్ని? తర్వాత చూద్దామని పెట్టుకున్న వీడియోలు ఎన్ని? స్క్రీన్‌షాట్ తీసిన సూక్తులు ఎన్ని? మా ఛానల్ వీడియోలు కూడా అందులో ఉంటాయి, తెలుసు! పాఠం దాచుకుంటే అది తేనెపట్టు. వాడుకుంటేనే అన్నం.

4. పింగళ ఎదురుచూపు

విదేహ నగరంలో పింగళ అనే వేశ్య ఉండేది. ఒక రాత్రి అలంకరించుకుని గుమ్మంలో నిలబడింది. వీధిలో వచ్చే ప్రతివాణ్ణీ చూసి, బాగా డబ్బిచ్చేవాడు ఇతనేనేమో అనుకుంది. లోపలికి వెళ్లడం, మళ్లీ బయటికి రావడం. అర్ధరాత్రి దాటింది. ఎవరూ రాలేదు. ముఖం వాడిపోయింది.

సరిగ్గా అప్పుడు ఆమెకి వైరాగ్యం కలిగింది. నాకు ఎప్పుడూ దగ్గరగా ఉండే స్వామిని వదిలి, ఏమీ ఇవ్వలేనివాళ్ల కోసం ఇంతసేపు చూశానే అనుకుంది. ఆశ వదిలేసి హాయిగా నిద్రపోయింది.

బయట ఏదీ మారలేదు. అదే రాత్రి, అదే ఇల్లు, అదే ఖాళీ వీధి. చూపు మారింది, నిద్ర పట్టింది. మెసేజ్ పంపి బ్లూ టిక్ కోసం, ఇంటర్వ్యూ అయ్యాక హెచ్‌ఆర్ కాల్ కోసం, పోస్ట్ పెట్టి లైకుల కోసం రాత్రి ఒంటిగంటకి ఫోన్ తిప్పి తిప్పి చూసేవాళ్లం మనం. ప్రయత్నం మానేయమని ఈ కథ చెప్పట్లేదు. మన నిద్రని అవతలివాడి చేతిలో పెట్టొద్దంటోంది.

ఒక జాగ్రత్త

ప్రతిదాంట్లో పాఠం చూడటం అలవాటైతే ఒక ప్రమాదం కూడా ఉంది. పాఠాలు పక్కవాళ్లకి పంచడం మొదలుపెడతాం. ఫ్రెండ్ ఇంట్లో ఎవరో పోయి ఏడుస్తుంటే, "దీని వెనక ఏదో కారణం ఉంటుంది రా" అంటాం. అమ్మ టీవీ సీరియల్ చూస్తుంటే వైరాగ్యం గురించి చెబుతాం.

అవధూత అలా చేయలేదు. పిల్లలు వలలో పడితే తట్టుకోలేక పావురాలు కూడా ఆ వలలోనే చిక్కుకున్న కథ ఆయన చెప్పాడు. అందులో నేర్చుకుంది తన మమకారం గురించి. గాజుల అమ్మాయికి సలహా ఇవ్వలేదు, పింగళని తిట్టలేదు. యదు మహారాజు అడిగాక మాత్రమే నోరు విప్పాడు. పాఠం ఎప్పుడూ మన వైపుకే తిప్పుకోవాలి. ఏడ్చేవాళ్ల పక్కన కూర్చుని మంచినీళ్లు ఇవ్వడం చాలు. అక్కడ మన పాఠం బహుశా అదే.

మరి మనం ఎలా మొదలుపెట్టాలి?

రోజుకి ఒక్క క్షణం, మూడు ప్రశ్నలు. ఒక ఉదాహరణతో చూద్దాం. సాయంత్రం గుడి బయట మల్లెపూలు కట్టే అమ్మ దగ్గర ఒక మూర కొనడానికి ఆగారు.

మొదటి ప్రశ్న: ఏం కనిపించింది? కనిపించింది మాత్రమే. ఆమె వేళ్లు ఆగట్లేదు. ముడి మరీ బిగిస్తే కాడ తెగుతుంది, వదులైతే పువ్వు జారిపోతుంది. ఆ మధ్యలో ఎక్కడో ఆమె ముడి ఉంది.

రెండో ప్రశ్న: ఇది నాలో దేనికి తగిలింది? నేను పెట్టుకునే నియమాలు గుర్తొచ్చాయి. సోమవారం నుంచి రోజూ నాలుగింటికి లేచి గంట జపం అంటే అది కాడ తెగే ముడి. వీలైనప్పుడు చేద్దాంలే అంటే జారిపోయే ముడి.

మూడో ప్రశ్న: రేపు ఏ ఒక్క పని మారుతుంది? స్నానం అవ్వగానే 11 సార్లు నామం. అంతే. రోజూ నిలబడే ముడి.

మూడో ప్రశ్నకి జవాబు రాకపోతే అది పాఠం అవ్వలేదని లెక్క. మంచి ఆలోచన వచ్చింది, వెళ్లిపోయింది. ఏం ఫర్వాలేదు, రేపు ఇంకో పువ్వు ఉంటుంది. రోజూ జవాబు రావాలని కూడా పట్టుబట్టకండి, వారానికి ఒక్కటి నిలిచినా ఏడాదికి 52 అవుతాయి. అవధూతకి 24 సరిపోయాయి.

ఉద్ధవుడు ఆ తర్వాత స్వామి చెప్పినట్టే బదరికాశ్రమానికి వెళ్లాడు. వెళ్లేటప్పుడు కృష్ణుడి పాదుకలు తల మీద పెట్టుకుని వెళ్లాడు. ఇక పక్కన స్వామి కనబడడు. కానీ దారిలో నేల ఉంది, గాలి ఉంది, నది ఉంది, పక్షులున్నాయి. అంటే ఆయన గురువులందరూ ఆ దారి పొడవునా ఉన్నారు.

ఈ వారం మీకు దొరికిన గురువు ఎవరో, రేపు మారబోయే ఆ ఒక్క పని ఏంటో ఒక కాగితం మీద రాసుకోండి. వచ్చే వీడియోలో దీపం పురుగు, లేడి, చేప, ఏనుగు గురించి, అంటే మన కళ్లు, చెవులు, నాలుక, స్పర్శ మనల్ని ఎలా లాక్కుపోతాయో చెప్పుకుందాం.

శ్రీకృష్ణార్పణమస్తు.