పాస్‌వర్డులో పెద్ద అక్షరములు, చిన్న అక్షరములు

మన తెలుగు లిపియందుగాని, ఉర్దూ లిపియందుగాని పెద్ద అక్షరములు, చిన్న అక్షరములు అను భేదము లేదు. ఆంగ్లమున ఆ భేదము కలదు. దానిని తేలికగా చూచు విద్యార్థికి డేటాబేసు ఒకనాడు పాఠము నేర్పును.

ఒరాకిల్ డేటాబేసును ఉదాహరణముగా గ్రహింతము. 2007లో 11జి వెలువడుటకు పూర్వము అది పాస్‌వర్డునంతటిని పెద్ద అక్షరములుగా మార్చి, దాని నుండి గణించిన ఒక గుప్తసంఖ్యను భద్రపరచెడిది. ‘చార్మినార్’ అను పదమును ఆంగ్లమున ఎట్లు కొట్టినను ఖాతా తెరుచుకొనెడిది. 11జిలో అక్షరభేదమును పాటించు రెండవ సంఖ్య చేరినది.

చిక్కు ఇచ్చటనే కలదు. పాత డేటాబేసును 11జికి మార్చిన దినమున ఏ లోపమును కనబడదు. పాత ఖాతాకు పాత సంఖ్యయే ఉండును గదా! కొన్ని నెలలకు నిర్వాహకుడు ‘ఆల్టర్ యూజర్’ ఆజ్ఞతో పాస్‌వర్డు మార్చును. అప్పుడే రెండవ సంఖ్య పుట్టును. అంతట ‘ఓఆర్ఏ-01017’ అను దోషము వచ్చును. పేరు తప్పో, పాస్‌వర్డు తప్పో అది చెప్పదు. మరచిపోయినాడని గుమాస్తాపై నింద పడును. నిజమునకు, పాస్‌వర్డును పెద్ద అక్షరములుగా మార్చి పంపు పాత ప్రోగ్రామే పలుమార్లు దోషి.

మొదట ఆ ప్రోగ్రామును ఆపవలెను. సాధారణ నియమము ప్రకారము వరుసగా 10 మార్లు విఫలమైనచో ఖాతా బంధింపబడును. పిదప ‘డీబీఏ యూజర్స్’ పట్టికలో ‘పాస్‌వర్డ్ వెర్షన్స్’ గడిని చూడవలెను. 10జి మాత్రమే ఉన్నచో అక్షరభేదము లేదు; 11జి కనబడినచో సాధారణముగా ఉన్నట్లే. తరువాత ఎస్‌క్యూఎల్ ప్లస్‌లో పాస్‌వర్డును మార్చినప్పటి అక్షరములతోనే స్వయముగా కొట్టి చూడవలెను. తెరుచుకొనినచో తప్పు ప్రోగ్రాముదే. ఖాతా పేరునకు మాత్రము ఈ పట్టింపు లేదు. ఉల్లేఖన చిహ్నములు లేకుండ సృష్టించిన పేరు నేటికిని పెద్ద అక్షరములలోనే నిలుచును.

‘సెక్ కేస్ సెన్సిటివ్ లాగాన్’ అను అమరికను ‘ఫాల్స్’ చేసిన చాలునని కొందరందురు. మేము సమ్మతింపము. 12.2 నుండి కొత్త పాస్‌వర్డుకు 10జి సంఖ్య సహజముగా పుట్టదు. అట్టిచోట ఈ అమరికను మార్చినచో సరియైన పాస్‌వర్డు సైతము తిరస్కరింపబడును. 21సిలో దానికి మద్దతే తొలగినది. ప్రోగ్రామును సవరించువరకు, ఆ ఒక్క ఖాతాకు పాస్‌వర్డును పూర్తిగా పెద్ద అక్షరములలో ఇచ్చిన పని సాగును.