సీసాలో బూజు ఎక్కడ మొదలైంది?

ప్రశ్న: మాది శాలిబండ. బీఎస్సీ బాటనీ చదువుతున్నాను. టిష్యూ కల్చర్ ప్రాక్టికల్స్‌లో మేం పెట్టిన అరటి ముక్కలు నల్లబడుతున్నాయి, సీసాలు బూజు పడుతున్నాయి. లోపం ఎక్కడ?

జవాబు: బూజు ఎక్కడ మొదలైందో చూడండి. ముక్క చుట్టూనే నూగులా లేస్తే శుద్ధి చాలలేదన్నమాట. ముక్క తీసిన అరటి పిలక మట్టిలో పెరిగేది కదా, పై పొరలు ఒలిచి, కుళాయి కింద బాగా కడిగాకే సోడియం హైపోక్లోరైట్‌లో ముంచాలి. ముక్కకు దూరంగా, అగార్ మీద అక్కడక్కడ చుక్కల్లా వస్తే చేతులనో, ఫోర్సెప్స్‌నో, గాలినో అనుమానించాలి. ముక్క పెట్టని సీసా ఒకటి, మూత తీయకుండా పక్కన ఉంచండి. అదీ చెడితే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల వేడి 15-20 నిమిషాలు నిలవలేదేమో చూడాలి.

ముక్క నల్లబడటం బూజు వల్ల కాదు. కోసిన వంకాయ నల్లబడినట్టే, ఫినాల్స్ పని. మాధ్యమంలో ఆస్కార్బిక్ ఆమ్లం కలపండి, ముక్కను త్వరగా కొత్త సీసాలోకి మార్చండి.

మాధ్యమం సంగతి మామూలే: మురాషిగె, స్కూగ్ 1962లో పొగాకు కణజాలం కోసం రూపొందించిందే, లీటరుకు 30 గ్రాముల పంచదార, పీహెచ్ 5.8. అంకెలను బట్టీ పట్టడం కాదు, హార్మోన్ల నిష్పత్తిని అర్థం చేసుకోవాలి. సైటోకైనిన్ ఎక్కువైతే చిగుళ్లు, ఆక్సిన్ ఎక్కువైతే వేర్లు. రెండూ సమంగా ఉంటే సాధారణంగా కాలస్ ముద్ద. మీ వీధి బండి మీది గ్రాండ్ నైన్ అరటిపండు కూడా ఇలా సీసాలో మొదలైన మొక్కదే కావచ్చు. వేరు పట్టిన పిల్లమొక్కను మాత్రం నేరుగా ఎండలో పెట్టకండి, దాని ఆకుకు ఇంకా మైనపు పూత సరిగా వచ్చి ఉండదు.