చెప్పినవాళ్ల మొహానే తలుపేస్తామా?

టీవీలో "కోవిడ్ కొత్త వేరియంట్" అని స్క్రోలింగ్ వస్తే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో కషాయాలు పొంగిపోతాయి. నాకు మాత్రం ఒమిక్రాన్ బయటపడిన తీరే గుర్తొస్తుంది.

2021 నవంబర్. దక్షిణాఫ్రికాలో ఒక ల్యాబ్‌లో కోవిడ్ పరీక్షలు చేస్తుంటే ఏదో తేడా కొట్టింది. ఆ పీసీఆర్ పరీక్ష వైరస్‌లోని మూడు జన్యువుల కోసం వెతుకుతుంది. రెండు కనబడుతున్నాయి, 'ఎస్' అనే జన్యువు మాత్రం దొరకట్లేదు. ఒకటీ అరా అయితే సరే, చాలా నమూనాల్లో అదే తంతు. మిషన్ మొరాయించిందేమోలే అని వదిలెయ్యొచ్చు. వాళ్లు వదల్లేదు. జన్యుక్రమం తీసి చూస్తే ఒక్క స్పైక్ ప్రొటీన్‌లోనే 30కి పైగా మార్పులు! పక్కనున్న బోట్స్వానాలోనూ అదే కనబడింది. 24న ప్రపంచ ఆరోగ్య సంస్థకు కబురు పంపారు, 26కల్లా ఆ సంస్థ దానికి ఒమిక్రాన్ అని పేరూ పెట్టేసింది.

అంత నిజాయితీగా చెప్పినందుకు దక్కిందేమిటో తెలుసా? విమానాలు బంద్! బ్రిటన్, ఐరోపా, అమెరికా వరసబెట్టి తలుపులేసేశాయి. పరీక్షలకు కావలసిన రసాయనాలు కూడా విమానాల్లోనే రావాలి, ఇలాగైతే అవీ నిండుకుంటాయని అక్కడి శాస్త్రవేత్త టులియో డి ఒలివేరా మొత్తుకున్నారు. తీరా చూస్తే నెదర్లాండ్స్‌లో నవంబర్ 19నే తీసిన నమూనాలో ఒమిక్రాన్ ఉంది. డిసెంబర్ 2న మన దేశంలో తేలిన మొదటి ఇద్దరిలో ఒకరు బెంగళూరు డాక్టరు. ఆయన ఏ విదేశమూ వెళ్లి రాలేదు. ఇంక ఎవరి మీద తలుపేసినట్టు?

మనం మాత్రం తక్కువ తిన్నామా! ఒకింట్లో కోవిడ్ పాజిటివ్ అని తెలిస్తే చాలు, అపార్ట్‌మెంట్లో పాలవాడు కూడా ఆ గుమ్మం దాకా వెళ్లలేదు. అందుకే "అబ్బే, ఫ్రిజ్ నీళ్లు తాగాను వదినా" అంటూ దగ్గు దాచుకున్నారు. రోగం కన్నా వెలివేతకే ఎక్కువ జడిశారు పాపం.

మనుషులు దాచినా వైరస్ జాడ దొరికే చోటు ఒకటుంది. మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్లు 2020లోనే మురుగునీటిలో వైరస్ ఆనవాళ్లు లెక్కగట్టారు. జబ్బు లక్షణాలు లేనివాళ్ల నుంచీ అది మురుగులోకి చేరుతుంది. మురుగుకి మొహమాటం లేదు కదా, ఉన్నది ఉన్నట్టు చెబుతుంది.

"ఒమిక్రాన్ ఉత్త జలుబేగా అక్కా" అంటారేమో. టీకా పడ్డవాళ్లలో చాలామందికి అలాగే పోయింది, నిజమే. కానీ 2022 మొదట్లో హాంకాంగ్ చూడండి. టీకా వేయించుకోని పెద్దవాళ్లు అక్కడ ఎక్కువ. ఆ ఒమిక్రానే వాళ్లను పెద్ద సంఖ్యలో పొట్టన పెట్టుకుంది. వేరియంట్ ఎంత చెడ్డదన్నది దానిలోనే కాదు, అది ఎవరింట్లో దూరిందన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది.

కాబట్టి తల్లుల్లారా, ఇంట్లో అరవై దాటినవాళ్లుంటే, షుగరో గుండెజబ్బో ఉంటే, వాళ్లకు టీకా సంగతేమిటో డాక్టర్ని ఒకసారి అడగండి. దగ్గుతున్న పిల్లాణ్ని అటెండెన్స్ కోసం బడికి తరమకండి. పనమ్మాయి "జ్వరంగా ఉందమ్మా" అంటే జీతం కొయ్యకుండా సెలవివ్వండి. కోస్తే మళ్లీసారి చెప్పదు, జ్వరంతోనే వచ్చి మీ గిన్నెలు తోముతుంది.