ఇంక్‌స్కేప్‌లో కార్టూన్ బొమ్మ: ఆటో ట్రేస్ పక్కన పెట్టి, గీత మనమే గీద్దాం

మా అత్త కర్రీ పాయింట్‌కి 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు ఫ్లెక్స్ డిజైన్ చేసే పని నా మీద పడింది. "బీటెక్ చదివావు కదరా, ఒక బొమ్మ వేయలేవా?" అంది. అత్త గరిటె పట్టుకుని నవ్వుతున్నట్టు పెన్సిల్‌తో కార్టూన్ గీశా. ఫోన్‌తో ఫోటో తీసి, ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్ కొట్టి, పెయింట్ బకెట్‌తో రంగులు పోసేశా. గంటలో పని అయిపోయింది. లాప్‌టాప్‌లో సూపర్‌గా కనిపించింది.

ఫ్లెక్స్ కట్టాక చూస్తే అత్త ముఖం చుట్టూ సన్నటి తెల్ల చారలు. ముక్కు గీత రంపం పళ్ళలా ఉంది. అత్త ఒక్క మాట అనకుండా ఫ్లెక్స్ డబ్బులు ఇచ్చేసింది. తిట్టినా బాగుండేది. రెండో ఫ్లెక్స్ నా జేబులోంచి వేయించా. అది ఎలా చేశానో ఇక్కడ చెప్తాను.

ముందు తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం. ఇంక్‌స్కేప్ ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలో నడుస్తుంది. ఇందులో బొమ్మ ఎస్‌వీజీ ఫైల్‌గా, అంటే పిక్సెల్స్‌గా కాకుండా వంపుల లెక్కలుగా సేవ్ అవుతుంది. అందుకే ఎంత పెద్దది చేసినా మసకబారదు. కానీ మనం చేసిన తప్పు కూడా మసకబారదు, అంతే షార్ప్‌గా పెద్దదవుతుంది! ట్రేస్ బిట్‌మ్యాప్ మనకి మామూలుగా ఇచ్చేది గీత కాదు, నల్లటి మచ్చ చుట్టూ ఉన్న అంచు. ఒక్క కనుబొమ్మ గీతకి పైన ఒక అంచు, కింద ఒక అంచు. కాగితం గరుకుదనం కూడా నోడ్స్‌గా మారిపోతుంది. నా బొమ్మని సెలెక్ట్ చేసి నోడ్ టూల్ పెడితే కింద స్టేటస్ బార్‌లో 4,000 పైన నోడ్స్ చూపించింది. కంట్రోల్ + ఎల్ కొట్టి సింప్లిఫై చేశా. నోడ్స్ తగ్గాయి, దాంతోపాటు కళ్ళ మూలలు కూడా కరిగిపోయాయి.

ఇక తెల్ల చారలు బకెట్ పుణ్యం. ఆ టూల్ మన పాత్‌ల లెక్క చూడదు. ఆ క్షణంలో స్క్రీన్ మీద ఏ పిక్సెల్స్ కనిపిస్తున్నాయో వాటిని బట్టి నింపుతుంది. జూమ్ అవుట్‌లో ఉండి నింపితే రంగు ఇంక్ అంచు దాకా సరిగ్గా చేరదు. లాప్‌టాప్‌లో కంటికి ఆనని ఆ సందు, ఫ్లెక్స్ మీద తెల్ల చారై కూర్చుంటుంది.

రెండోసారి ఫోటోని ఒక లేయర్‌లో పెట్టి, ఒపాసిటీ 40 శాతానికి తగ్గించి లాక్ చేశా. దాని మీద 'ఇంక్' అని కొత్త లేయర్. కీబోర్డ్‌లో బి నొక్కితే పెన్ టూల్ వస్తుంది. ఇక్కడ ఒకటే రూల్: వంపు దిశ మారే చోటే నోడ్ పెట్టండి. బుగ్గకి మూడు నోడ్స్ చాలు, నేను మొదట పన్నెండు పెట్టా. నోడ్స్ ఎన్ని తక్కువైతే గీత అంత నున్నగా వస్తుంది. మొత్తం బొమ్మ 200 లోపు నోడ్స్‌లో పూర్తయింది.

అయితే గీతలన్నీ ఒకే మందంలో ఉంటే బొమ్మ వైరుతో చేసినట్టు ఉంటుంది. బాపు గారి బొమ్మ ఏదైనా తీసి చూడండి, గీత లావు సన్నం అవుతూ ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటుంది. దీనికి పాత్ ఎఫెక్ట్స్‌లో పవర్ స్ట్రోక్ వాడాలి. నోడ్ టూల్‌తో చూస్తే గీత మీద గులాబీ రంగు డైమండ్స్ కనిపిస్తాయి, వాటిని లాగితే అక్కడ మందం మారుతుంది. కంట్రోల్ పట్టుకుని డైమండ్ మీద క్లిక్ చేస్తే ఇంకోటి వస్తుంది. నా లెక్క: బయటి గీత 4 అనుకుంటే చీర మడతలు 2, నవ్వు గీతలు 1. గడ్డం కింద, చేతి కింద, అంటే నీడ పడే వైపు కాస్త లావు. పెన్ టాబ్లెట్ కొనాలా అని అడిగే వాళ్ళకి: ఇప్పుడే వద్దు. ఇదంతా నేను వైర్డ్ మౌస్‌తోనే చేశా.

రంగుల లేయర్ ఇంక్ కింద ఉండాలి. ముఖానికి, చీరకి విడివిడిగా క్లోజ్డ్ షేప్స్ గీయండి. వాటి అంచు ఇంక్ గీత మధ్యలో పడాలి. అప్పుడు మిగతాది ఇంకే కప్పేస్తుంది, సందు రావడానికి చోటే ఉండదు. బకెటే కావాలంటే బాగా జూమ్ చేసి, గ్రో/ష్రింక్ విలువ కొంచెం పెంచి వాడండి. నీడ కోసం నలుపు కలపకండి, మురికి పట్టినట్టు ఉంటుంది. పసుపు చీరకి నీడ నారింజ వైపు వెళ్ళాలి. నీడ షేప్‌ని చీర షేప్ కాపీతో క్లిప్ చేస్తే బయటికి పొంగదు. ఇంకో మాట, స్క్రీన్‌ది ఆర్‌జీబీ, ప్రింటర్‌ది సీఎంవైకే. స్క్రీన్ మీద మెరిసే చిలకపచ్చ ప్రింట్‌లో డల్ అయిపోతుంది. రంగు ముఖ్యమైతే చిన్న ముక్క ప్రింట్ తీయించి చూసుకోండి.

ఫ్లెక్స్ షాపులో "కోరెల్ ఫైల్ ఉందా అన్నా?" అన్నాడు. నా దగ్గర పీడీఎఫ్ ఉంది. తెరిస్తే బొమ్మ పర్ఫెక్ట్, కానీ 'గుత్తి వంకాయ'లో వత్తు విడిపోయి పక్కన నిలబడింది! తెలుగు అక్షరాలు ఇచ్చేటప్పుడు పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ తప్పకుండా కొట్టండి. ఆ తర్వాత అవి అక్షరాలు కావు, బొమ్మలే. వాళ్ళ దగ్గర మన ఫాంట్ లేకపోయినా చెదరవు. ఎడిట్ చేయడానికి వేరే కాపీ ఉంచుకోండి, ఎందుకంటే రేట్లు మారుతుంటాయి.

రెండో ఫ్లెక్స్ ఇప్పుడు షాపు మీద ఉంది. మొదటిది అత్త పారేయలేదు, వాన పడితే వెనకాల గ్యాస్ సిలిండర్ల మీద కప్పుతోంది.